నిన్నటి పులుసు

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో చేప ఉడకలేదు.

పులికాట్ సరస్సులో వల వేసుకుని బతికే ఇల్లు అది. ఎవరైనా పోయినప్పుడు తప్ప చేప వాసన లేని పూటను ఎరగదు. అటువంటి ఇంట్లో కామాక్షమ్మ వరసగా నాలుగో పొద్దున కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది.

పెద్దకొడుకు సుబ్బు సరస్సు నుంచి వచ్చి బుట్ట వాకిట్లో దించాడు. నాలుగు లావుపాటి జెల్ల చేపల్ని ఇంటికని విడిగా పెట్టుకొచ్చాడు.

“అయిటిని గూడా పేటకి పంపించెయ్,” అంది కామాక్షమ్మ, వంకాయ మీద నుంచి చూపు తిప్పకుండా.

“ఇంట్లోకని తెచ్చినాను మా.”

“మనింట్లో చేప వండితే పాచిపోతాదంట గదా. పుస్తకంలో అచ్చేసి ఊరూరా పంచబోతా ఉండారు. నీకు తెలీదా?”

సుబ్బు పెళ్ళాం వైపు చూశాడు. మాట పెంచొద్దన్నట్టు స్వర్ణ పొయ్యి దగ్గర నుంచే తల ఆడించింది. జెల్లలు మళ్ళీ బుట్టలోకీ, బుట్ట సూళ్ళూరుపేట పోయే బండి మీదకీ ఎక్కాయి.

కామాక్షమ్మ మాట్లాడేదంతా వంకాయలతోనే. వినాల్సిన మనిషి మాత్రం నడవ పక్క గదిలో ఉంది. సగం మూసిన తలుపు వెనక చిన్నకోడలు శలాకా జడ వేసుకుంటున్న గాజుల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

శలాకాది నాగపూర్. చిన్నబాబూ ఆ పిల్లా పూనాలో ఒకే చోట ట్రైనింగ్ అయి, తడ దగ్గర ఫ్యాక్టరీలో ఒకేసారి ఉద్యోగాల్లో చేరారు. పెళ్ళయి ఏడు నెలలు. “శలాకేంది, ఇనప చువ్వా?” అని పెళ్ళిలో నవ్విన పక్కింటి ఆదిశేషమ్మే, “చువ్వ మాదిరే నిటారుగా ఉండాదిలే పిల్ల,” అని మెచ్చుకునేదాకా వచ్చింది. తెలుగు కూడబలుక్కుని మాట్లాడుతుంది. ప్రతి మాటా తప్పో ఒప్పో తోడికోడలు స్వర్ణ మొహంలో చూసుకుని గానీ తర్వాతి మాటకు పోదు.

బుధవారం సాయంత్రం దాకా అంతా సవ్యంగానే ఉంది. వచ్చే నెల మహారాష్ట్ర నుంచి నలభై కుటుంబాలు ఫ్యాక్టరీకి బదిలీ మీద దిగుతున్నాయి. ఈ ప్రాంతంలో ఏం చూడాలో, ఎక్కడ తినాలో, ఎవరితో ఎలా మెలగాలో వాళ్ళకి హిందీలో ఒక చిన్న పుస్తకం రాసే పని శలాకాకి అప్పగించారు. రాసిన కాగితాలు బల్ల మీద పెట్టి ఆమె స్నానానికి వెళ్ళింది. చిన్నబాబు వాటిని సరదాగా తీసి తల్లికి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. మైపాడు సముద్రం, నేలపట్టు పక్షులు, రాత్రయినా తలుపు మూయని చెంగాళమ్మ గుడి, నెల్లూరు కారం దోసె... మనూరి సంగతులు ఎంత చక్కగా రాసిందే అని కామాక్షమ్మ మురిసిపోతూ వింటోంది. ఆ ఊపులో తర్వాతి వాక్యం కూడా చదివేశాడు మహానుభావుడు.

‘ఇక్కడివాళ్ళు భోజనానికి పిలిస్తే చేపల పులుసు ఎప్పుడు వండినదో అడిగి తెలుసుకోండి. వచ్చినవాళ్ళకి నిన్నటిది పెట్టే అలవాటు ఉంది.’

చదివి నవ్వాడు కూడా. ఆ నవ్వు ఇల్లంతటికీ అంటుకుంటుందనుకున్నాడు కాబోలు.

కామాక్షమ్మ అప్పుడే లేచి వెళ్ళి, పులుసు కాచే మట్టి దాకను కడిగి బోర్లించింది. ఇంతవరకూ తిప్పలేదు.

పైపెచ్చు శుక్రవారం నాడు ఫ్యాక్టరీవాళ్ళు తడలో క్వార్టర్ ఒకటి ఖాళీ అయిందన్నారు. కావాలో అక్కర్లేదో సోమవారంలోగా చెప్పాలి. శలాకా ఆ సంగతి అత్తకు చెప్పలేదు. అయితే చెప్పిన మాటకన్నా చెప్పని మాటే ఆ ఇంట్లో త్వరగా తెలుస్తుంది. స్వర్ణకు మాత్రం తనే చెప్పి, “నేను ఏమి చెప్పాలి అక్కా?” అని అడిగింది. ఉండిపొమ్మని స్వర్ణ అనలేకపోయింది.

ఎలా అంటుంది? ఆ పులుసు పెట్టింది తనే.

పెళ్ళయి వచ్చిన మర్నాడు, శలాకా ఆ ఇంట్లో మొదటిసారి కంచం ముందు కూర్చున్నప్పుడు, స్వర్ణ గిన్నె దగ్గరికి జరిపి, “నిన్నటిది. నీకోసమే దాచిపెట్టినాను,” అంది గొప్పగా. పిల్ల రెండు ముద్దలు తిని చేయి కడిగేసుకుంది. కారం ఎక్కువైందనుకున్నారంతా. ఆ తర్వాత చేప వండినప్పుడల్లా “ఇది ఎప్పటిది అక్కా?” అని అడుగుతుంటే, రుచి మరిగిందనుకుని స్వర్ణ పొంగిపోయింది. “నిన్నటిదే, భయపడబాక!” అని ధైర్యం కూడా చెప్పింది, ఏడు నెలల పాటు.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొచ్చేది, ఏడుపు అడ్డు రాకపోతే. పదేళ్ళుగా ఆ వంటింట్లో అత్త మాటే మాట, పొయ్యి చిటపటే తోడు. ఈ పిల్ల వచ్చాకే గిన్నెలు తోముకునే వేళకి పక్కన ఒక మనిషి చేరింది. ‘పీట’కి ‘పేట’కి తేడా అడిగే మనిషి. రేపటితో ఆ మనిషి తడకు వెళ్ళిపోతే మళ్ళీ ఆ పొయ్యే మిగులుతుంది.

శలాకా హెల్మెట్ చేతబట్టుకుని బయటికి వచ్చింది. ఆదివారం. చిన్నబాబు ఓవర్‌టైమ్ అని పొద్దున్నే వెళ్ళిపోయాడు.

“అత్తమ్మా, నేను పేటకి వెళ్ళి వస్తాను. పుస్తకం పని.”

కామాక్షమ్మ వంకాయ తొడిమ కోసింది.

“నేను గూడా పోతా అత్తా,” అంది స్వర్ణ, చేతులు తుడుచుకుంటూ. పోతానని ఆ క్షణం వరకూ తనకే తెలియదు.

“నువ్వెందుకు?”

“దోవ తెలీదు గదా పాపకి.”

“ఏడు నెలల్నించి ఆ దోవలోనే గదా పోయొచ్చేది!” అంది కామాక్షమ్మ. అనేసి ఊరుకుంది. వద్దని మాత్రం అనలేదు.

* * *

శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సును రెండుగా చీల్చుకుంటూ పోతుంది. ఫాల్గుణం ఎండకు నీళ్ళు అప్పుడే వెనక్కి తగ్గుతున్నాయి. దూరంగా బురద అంచున ఫ్లెమింగోలు గులాబీ రంగు గీతలా నిలబడి ఉన్నాయి. శలాకా స్కూటర్ ఆపి ఫోటో తీసుకుంది. కాగితం తీసి ఏదో రాసుకుంది.

“ఈ కొంగల్ని చూడ్డానికి యాడాడ నించో వస్తారంట,” అంది స్వర్ణ. “మాకు అయి గూడా కాకుల మాదిరే. నువ్వు రాస్తే గానీ అయి అందంగా ఉంటాయని తెలీలా.”

శలాకా చిన్నగా నవ్వింది. నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు.

“మైపాడు గురించి రాసినావు గదా. మాది ఆ పక్కనే. సముద్రం ఒడ్డు. ఈడికి కాపరానికి వచ్చిన కొత్తలో సరస్సు చేప నోట్లో పెట్టుకుంటే మట్టి వాసన. ఆరు నెలలు ఏడ్చినాను. మీ బావ ఏం చేసినాడో తెలుసునా? కారం ఎక్కువెయ్యమని వాళ్ళమ్మకి చెప్పినాడు. ఏడుపు కారానికే అనుకున్నాడు.”

“ఎవరికీ చెప్పలేదా?”

“ఎవురికి చెప్పేది? చేపలోళ్ళింట్లో చేప బాలేదని చెప్పేదా?”

శలాకా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. “నేను కూడా చెప్పలేదు,” అంది. “కాగితంకి చెప్పాను. కాగితం అందరికీ చెప్పేసింది.”

పులుసు గురించి అలా ఎందుకు రాశావని అడగాలని స్వర్ణకు ఉంది. కానీ ఆకలి మీద అడిగే మాట కాదది. “పద, తిందాం,” అంది. “తినాల్సిన చోట్లు రాస్తా ఉండావు గదా. ఒక చోటు నేను చూపిస్తా.”

* * *

రేకుల కింద నాలుగు బల్లలు. బోర్డు లేదు. సూళ్ళూరుపేటలో వెంకటశేషమ్మ హోటలంటే చాలు.

“రా స్వర్ణా! బో దినాలకి కనపడినావే. ఈ పాపెవురు?”

“మా తోడికోడలక్కా. చిన్నబాబు పెళ్ళాం.”

“ఓహో, నాగపూరు పిల్ల!” వెంకటశేషమ్మ ఆకులు వేసి, నీళ్ళు చల్లి, పొగలు కక్కే అన్నం వడ్డించింది. వడ్డించి, పులుసు గిన్నె చేతిలో పట్టుకుని, పెళ్ళివారికి ఏదో చెప్పలేని సంగతి చెప్పబోతున్న మనిషిలా నిలబడిపోయింది.

“చేపల పులుసు ఉండాది. ఉండాది గానీ...”

“గానీ ఏందక్కా?”

“నిన్నటిది అయిపోయింది మ్మా. పదకొండు గంటలకే లారీలోళ్ళు ఊడ్చేసి పోయినారు. ఇయ్యాల్టిదే మిగిలింది. పరాయి రాష్ట్రం నించి వచ్చిన పిల్లకి మొట్టమొదట ఇయ్యాల్టి పులుసు పెట్టాల్సొచ్చిందే అని నాకే సిగ్గుగా ఉండాది.”

శలాకా చేయి అన్నంలోనే ఆగిపోయింది.

“మీరు ఏమన్నారు?”

నొచ్చుకుందనుకుంది వెంకటశేషమ్మ. “కోపం చేసుకోబాక పాపా. ఇయ్యాల్టిదాంట్లో ఏముంటాది చెప్పు? ఉప్పు ఒక తట్టు, పులుపు ఒక తట్టు, ముక్క ఒక తట్టు, ఎవురి దోవ వాళ్ళది. దాకలో ఒక పొద్దు కలిసి కూర్చుంటే గదా ఒకరికొకరు పడేది. మా ఇంటికి అల్లుడొస్తా ఉండాడంటే ముందురోజే కాచి పెడతాను. రేపొస్తానని చెప్పిపో, నీకూ తీసి పెడతా.”

పక్క బల్ల పెద్దాయన తన గిన్నెకు చేయి అడ్డం పెట్టుకున్నాడు. “ఇటు చూడబాక పాపా, ఇచ్చేది లేదు. నేను నిన్ననే చెప్పి పెట్టించుకున్నా.”

శలాకా పకపకా నవ్వింది. నవ్వుతూ స్వర్ణ వైపు తిరిగింది. తిరిగాక ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు, కళ్ళనిండా నీళ్ళు నిలిచాయి.

“కారమా పాపా? మజ్జిగ పొయ్యనా?” అంది వెంకటశేషమ్మ కంగారుగా.

“కారం కాదు,” అంది శలాకా. ఇంకా పులుసు వేసుకోనే లేదు.

* * *

తిని బయటికి వచ్చి రేకుల నీడలో స్కూటర్‌కు ఆనుకుని నిలబడ్డారు. ఎక్కడ మొదలుపెట్టాలో స్వర్ణకు తెలియలేదు. శలాకాయే మొదలుపెట్టింది.

“మా అమ్మ వేరే జిల్లా నుంచి వచ్చింది. నాన్న ఇష్టపడి చేసుకున్నారు. మా నాన్నమ్మకి ఇష్టం లేదు. పొద్దున అందరికీ వేడి రొట్టె. అమ్మకి నిన్నటి రొట్టె. రోజూ. ‘బయట నుంచి వచ్చింది కదా, దానికి ఇది చాలు’ అనేది నాన్నమ్మ. ఒక రోజు కాదు అక్కా. పద్దెనిమిది సంవత్సరాలు.”

స్వర్ణ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ వింది.

“నేను ఇక్కడికి వచ్చేటప్పుడు అమ్మ ఒక మాట చెప్పింది. ‘నగలు చూడొద్దు, ఇల్లు చూడొద్దు. మొదటి రోజు పళ్ళెంలో ఏమి పెడతారో చూడు. నువ్వు వాళ్ళకి ఎవరో తెలిసిపోతుంది’ అని.”

ఆ మొదటి రోజు, ఆ గిన్నె, తన నోటి నుంచి గొప్పగా వచ్చిన ఆ మాట. స్వర్ణ ఆమె చేయి పట్టుకుంది.

“అయ్యో తల్లీ! ఆ పొద్దు మీ బావ అడిగినా పెట్టలా. ‘కొత్తపిల్లకి ఉంచినాను, ముట్టుకోబాకండి’ అని అందరితోటీ పోట్లాడి దాచినానే!”

“ఇప్పుడు తెలిసింది. హోటల్ ఆమె చెప్పింది.” శలాకా ముక్కు ఎగబీల్చి సంచిలోంచి కాగితం తీసింది. ఆ వాక్యం మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టింది. “దీని బదులు ఏమి రాయాలి? నువ్వు చెప్పు అక్కా.”

స్వర్ణ ఆలోచించింది. “నిన్నటి పులుసు పెట్టినారంటే మీరు వాళ్ళకి కావాల్సినోళ్ళని రాయి.”

“కావాల్సినవాళ్ళు...” పెన్ను ఆగింది. “కావాలి అంటే చాహియే. చాహియేవాళ్ళు? హిందీలో అట్లా అనరు.”

“చుట్టాలా?”

“చుట్టం అంటే రిష్తేదార్. వెంకటశేషమ్మగారు నాకు చుట్టం కాదు కదా.”

“కాదు. అయినా కావాల్సిన మనిషే. ఎట్టా చెప్పేది అది?”

ఇద్దరూ ఆ ఎండలో నిలబడి ఒక్క మాట కోసం చాలాసేపు వెతికారు. దొరకలేదు. గీత కొట్టినచోట ఖాళీ అలాగే మిగిలిపోయింది.

“మరి క్వార్టర్ సంగతి ఏం చేస్తావు?” అని అడిగింది స్వర్ణ, వేరే ఎటో చూస్తూ.

“నేను ఇంకా చెప్పలేదు. అత్తమ్మ నాతో మాట్లాడటం లేదు అక్కా. మాట్లాడనివాళ్ళ ఇంట్లో ఎట్లా ఉండాలి?”

స్వర్ణ వెనక సీటు మీద కూర్చుని, ఇల్లు చేరేదాకా ఆ పిల్ల భుజం మీద చేయి వేసి ఉంచింది.

* * *

ఇంకా పొద్దు వాలలేదు. సందు మొదట్లోనే వాసన తగిలింది. లేత మామిడికాయ, మెంతిపిండి, చేప. స్వర్ణ నమ్మలేక స్కూటర్ ఆగకముందే దిగబోయింది.

“మీ అత్త పొయ్యి కాడే ఉండాది,” అంది ఆదిశేషమ్మ గోడ మీద నుంచి, గొంతు తగ్గించి. “మా ఆయన తెచ్చిన జెల్లలు నా కాడ అడిగి పట్టుకపోయింది. సొంత బిడ్డ పట్టిన చేపని పేటకి పంపించి నా ఇంటికొచ్చి అడిగింది, చూసినావా! ఎందుకే అంటే, ‘ఇప్పటికిప్పుడు కాచాల’ అనింది.”

లోపల దాక పొయ్యి మీదే ఉంది. సుబ్బు, చిన్నబాబు కంచాల ముందు కూర్చుని ఉన్నారు. చిన్నబాబు ఎప్పుడొచ్చాడో. కామాక్షమ్మ ఎవరి మొహమూ చూడకుండా ఇంకో కంచం వేసింది.

“కూర్చోమను,” అంది స్వర్ణతో. ఒక్క క్షణం ఆగి, మెడ తిప్పి, ఈసారి శలాకాతోనే అంది. “కూర్చో మ్మే. ఇయ్యాల్టిది. ఇప్పుడే దించతా ఉండా. పొగ రావడం నీ కళ్ళతో నువ్వే చూసుకో.”

ఆ గొంతులో కోపం ఎంతో, బతిమాలడం ఎంతో విడదీయడం కష్టం. జీవితంలో మొదటిసారి, ఇంటికి కావాల్సిన మనిషికి ఆనాటి పులుసు పెడుతోంది కామాక్షమ్మ. ఆమెకు అది ఎంత నామోషీయో స్వర్ణకు తెలుసు.

శలాకా కూర్చుంది. గరిటె తన కంచం మీదకు వచ్చేసరికి చేయి అడ్డం పెట్టింది.

“నాకు రేపు పెట్టండి అత్తమ్మా.”

గరిటె గాలిలో ఆగిపోయింది. కామాక్షమ్మ మొహం వాడిపోయింది.

“చూసినావా స్వర్ణా? నిన్నటిది పెడితే తప్పు. ఇయ్యాల్టిది పెడితే ఒద్దు. ఇంక నేనేం వండేది?”

స్వర్ణ విప్పి చెబితే చిటికెలో తేలిపోతుంది. కానీ మధ్యలో తను నిలబడి ఇటు మాట అటు చేరవేసినన్నాళ్ళూ వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అన్నం గిన్నె తీసుకుని అవతలికి జరిగింది.

“ఒద్దు కాదు,” అంది శలాకా, మాట మాటకీ ఆగి. “ఇప్పుడు ఉప్పు ఒక తట్టు. పులుపు ఒక తట్టు. రేపటికి కలుస్తాయి. నాకు కలిసినది కావాలి.”

‘తట్టు’ అన్న మాట ఆ నోట విని సుబ్బు తలెత్తాడు. కామాక్షమ్మ కోడలి వైపు తిరిగింది. గరిటె నుంచి బొట్టు బొట్టుగా పులుసు దాకలోకి జారుతోంది.

“రేపు,” అంది మెల్లగా, “రేపు నువ్వు ఈడ ఉంటావా మ్మే?”

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అడగని మాట అది.

శలాకా పెదవి కదిలింది. ఆమెకన్నా ముందే చిన్నబాబు గొంతు సవరించుకున్నాడు.

“అదే చెబుదామనుకుంటా ఉండా మా. క్వార్టరుకి నేను సరేనని చెప్పేసి వచ్చినాను. రేపు పొద్దున తొమ్మిదికి సామాన్లకి బండి వస్తాది. ఇంట్లో ఈ రభస... ఈమెకి మనసు బాగలేదని నేనే...”

కామాక్షమ్మ గరిటె దాకలో వదిలేసింది.

ఆ మొగుడూ పెళ్ళాలకి మంచయినా చెడయినా హిందీలోనే, అదీ గది తలుపు వేసుకున్నాకే. శలాకా గొంతు పెరగడం ఆ ఇంట్లో ఎవరూ ఇంతవరకూ వినలేదు. ఆమె కంచం ముందు నుంచి లేచింది. రెండడుగులు వేసి అత్త పక్కన పొయ్యి దగ్గర నిలబడి, మొగుడి వైపు తిరిగింది.

“ఎవుర్ని అడిగి చెప్పినావు?” అంది తెలుగులో, అందరూ వినేలా. “నన్ను అడిగినావా?”